పేల మందు రెండోసారి పెట్టకపోతే మొదటిసారి పెట్టిందీ దండగే

మా అమ్మాయికి వరసగా మూడుసార్లు పేలు పడ్డాయి. ప్రతిసారీ పక్కన కూర్చునే పిల్లల్నే తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు నాదే. మందు ఒక్కసారి పెట్టి, పేలు రాలగానే ఊరుకున్నాను. ఆ మందుకి పేలు చస్తాయి, ఈపులు చావవు.

ముందు అవి పేలేనో కాదో చూడండి. చుండ్రు దులిపితే రాలుతుంది. ఈపి వెంట్రుకకి అతుక్కుని ఉంటుంది, గోళ్లతో లాగాల్సిందే. చెవుల వెనక, మెడ పైన వెతకండి. కదిలే పేను ఒక్కటైనా కనిపిస్తేనే మందు.

నేను వాడింది 1 శాతం పర్మెత్రిన్ లోషన్. షాంపూతో తలంటి (కండిషనర్ వద్దు), తుడిచి, తడి జుట్టుకే కుదుళ్ల నుంచి పట్టించి, 10 నిమిషాలకి కడిగేయాలి. రాత్రంతా ఉంచితే ఇంకా బాగా పనిచేస్తుందనుకోకండి. రెండు నెలలలోపు పసిపిల్లలకి వాడకూడదు. కిరసనాయిలు జోలికి అసలు పోవద్దు, నిప్పంటుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

ఇక అసలు సంగతి. ఈపి పగలడానికి వారం, పది రోజులు పడుతుంది. అందులోంచి వచ్చిన పిల్లపేను ఎదిగి గుడ్లు పెట్టడానికి ఇంకో తొమ్మిది రోజులైనా కావాలి. ఆలోపే దాన్ని చంపాలి. అందుకే మొదటిసారి పెట్టిన 9వ రోజున మళ్లీ మందు. క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను.

మధ్యలో మూడు నాలుగు రోజులకోసారి, రెండు వారాలపాటు దువ్వాను. తడి జుట్టుకి కండిషనర్ దట్టంగా రాస్తే పేలు పరిగెత్తలేవు. పాయ తీసి, పేల దువ్వెన పళ్లు తలకి ఆనించి, చివరిదాకా ఒకే లాగుడు. ప్రతిసారీ దువ్వెనని తెల్ల కాగితం మీద తుడవాలి. "అమ్మా, పద్నాలుగు!" అని మా అమ్మాయి స్కోరు చెప్పేది. ఆ ఆట లేకపోతే గంటసేపు కదలకుండా కూర్చునేదే కాదు.

ఇంట్లో అందరి తలలూ ఒకే రోజు చూడండి. మూడోసారి దానికి పేలు ఎక్కింది నా తలలోంచే! ఒకే దిండు మీద తలలు ఆనించి పడుకుంటాం మరి. పేలు ఎగరవు, దూకవు, తలకి తల తగిలితే పాకుతాయి. తల వదిలితే ఒకటి రెండు రోజులకి మించి బతకవు కాబట్టి ఇల్లంతా మందు కొట్టే టెన్షన్ వద్దు. గత రెండు రోజుల్లో వాడిన దిండు గలేబులు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతికితే చాలు.

రెండోసారి పెట్టాక కూడా పేలు చురుగ్గా తిరుగుతుంటే ఆ మందు వాటికి పనిచేయడం లేదని అర్థం. అదే మళ్లీ మళ్లీ రుద్దకుండా డాక్టర్‌ని అడిగి వేరే మందు రాయించుకోండి.