జర్మనీలో సరుకులు: వీడియోల్లో లెక్కకు రాని పావు యూరో

జర్మనీకి కొత్తగా వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు చూసొచ్చే సరుకుల వీడియోలు చాలావరకు ఒకటే తీరు. బుట్ట నిండా సరుకులు, చివర్లో బిల్లు, వారానికి ఇంతే చాలన్న భరోసా. ధరలు అబద్ధమని కాదు. సీసాల మీద పడే ఫాండ్ సంగతి వాటిలో సరిగా చెప్పరు. కొత్తవాళ్ల డబ్బు కారిపోయేది అక్కడే.

ఫాండ్ అంటే సీసాకు కట్టే డిపాజిట్టు, ఖాళీ సీసా షాపులో తిరిగిస్తే వెనక్కొస్తుంది. ఒకసారి వాడే ప్లాస్టిక్ సీసాకైనా, టిన్నుకైనా 25 సెంట్లు. షెల్ఫు మీది పెద్ద అంకెలో అది కలవదు, పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆరు నీళ్ల సీసాల కట్టకు ఫాండే 1.50 యూరోలు. చవక రకం నీళ్లయితే నీటి ఖరీదుకన్నా ఇదే ఎక్కువ కావచ్చు. 2024 నుంచి ప్లాస్టిక్ సీసాలో పాలకూ ఉంది. అట్టపెట్టె పాలకు లేదు. మళ్లీ నింపి వాడే గాజు బీరు సీసాకు మామూలుగా 8 సెంట్లే.

సీసాను నలపకండి! మన దగ్గర నీళ్ల సీసా మీదే 'వాడాక నలిపేయండి' అని రాసుంటుంది, ఆ అలవాటు చేతిని వదలదు. ఇక్కడ షాపుల్లో ఖాళీ సీసాలు తీసుకునే మెషీను లేబుల్ మీది బార్‌కోడ్‌నూ ఫాండ్ గుర్తునూ చదువుతుంది. నలిగినా, లేబుల్ చిరిగినా వెనక్కి తోసేస్తుంది. కొంచెమే నలిగితే నోటితో ఊది సాపు చేసి మళ్లీ పెట్టండి. పూర్తిగా ఖాళీ చేసి, అడుగు భాగం ముందు పెట్టి, అన్నీ అయ్యాక బటన్ నొక్కితే చీటీ వస్తుంది. దాన్ని అదే షాపు కౌంటర్లో ఇవ్వాలి, బిల్లులో తగ్గిస్తారు, లేదా చేతికిస్తారు. జేబులో మరిచిపోయి ఉతికేస్తే ఆ డబ్బు పోయినట్టే. ఇంకో షాపులో కొన్న సీసాని తీసుకోరేమోనని మొహమాటపడొద్దు: ప్లాస్టిక్ సీసాలు అమ్మే పెద్ద షాపు ఎక్కడ కొన్నవైనా తీసుకోవాలి. 200 చదరపు మీటర్లలోపు చిన్న షాపుకే తాను అమ్మే బ్రాండ్లకు పరిమితమయ్యే వీలుంది.

మిగతావి తేలిక. ట్రాలీ తాళం తీయడానికి 1 యూరో నాణెం ఉంచుకోండి. ఆదివారం షాపులు మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో మాత్రం కొన్ని తెరిచే ఉంటాయి. కొన్ని షాపుల్లో కూరగాయలు మీరే తూచి స్టిక్కర్ అంటించాలి, అది లేకుండా కౌంటర్‌కి వెళ్తే వెనక జనం ఆగిపోతారు. పెరుగన్నానికి క్వార్క్ కొనకండి, అది చీజ్ జాతి. 3.5 శాతం కొవ్వున్న నాటూర్‌యోగుర్ట్ (ఏమీ కలపని మామూలు పెరుగు) తీసుకోండి. 405 రకం గోధుమపిండి మన మైదాలాంటిది, చపాతీకి ఆటా ఇండియన్ షాపులో దొరుకుతుంది.

ఇంతకీ ఇన్ని నీళ్ల సీసాలు మోయడమెందుకు? ఇక్కడ కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. కెటిల్లో తెల్లగా పేరుకునేది సున్నం, ఆరోగ్యానికి హాని లేదు. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లను మాత్రం, ధార చల్లగా వచ్చేదాకా పారనిచ్చి, ఆ తర్వాత పట్టుకోండి.