లాస్ వేగాస్ అంచున రెండు వారాల ఆర్వీ మకాం: బెజవాడ, గుంటూరు దంపతులకు కొన్ని సూచనలు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే మన బెజవాడ, గుంటూరు తల్లిదండ్రులు లాస్ వేగాస్‌ను సాధారణంగా రెండు రాత్రుల హోటలు బసతో ముగించేస్తారు. అలా కాకుండా, వంటిల్లు, పడక, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉండే ఆర్వీ అనే బండిని అద్దెకు తీసుకుని ఊరి అంచున పది పదిహేను రోజులు మకాం వేయదలచినవారి కోసం ఇది రాస్తున్నాను. మేము ఒక మార్చి నెలలో ఆ పని చేసి వచ్చాము. జూదశాలల సంగతి ఎవరైనా చెబుతారు. అక్కడ రోజులు సుఖంగా గడవడం మాత్రం నీళ్లు, కరెంటు, మురుగు అనే మూడింటి మీద ఆధారపడి ఉంటుంది.

ముందుగా కాలం ఎంచుకోవాలి. మార్చి, ఏప్రిల్ లేదా అక్టోబరు, నవంబరు నెలలు అనువైనవి. 2024 జులై 7న అక్కడ 48.9 డిగ్రీల ఎండ కాసింది. రోహిణి కార్తెను ఏటా దాటే మనకు అదొక లెక్కా అనిపించవచ్చు గాని, మన ఎండలో చెమట చొక్కాను తడిపి హెచ్చరిస్తుంది, మొహావీ ఎడారి పొడి గాలిలోనేమో పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది కనుక ఒంట్లో నీరు తగ్గుతున్న సంగతే తెలియదు. అందువల్ల దాహం వేయకపోయినా గంటకోసారి నీళ్లు తాగాలి. డిసెంబరు, జనవరి రాత్రులు గడ్డకట్టే చలికి దగ్గరగా వెళతాయి కనుక ఆ నెలల్లో రగ్గులు తప్పవు.

బండి నిలిపే చోట్లు రెండు మూడు రకాలుగా ఉంటాయి. నీటి కొళాయి, కరెంటు, మురుగు గొట్టం మూడూ అందించే ప్రైవేటు ఆర్వీ పార్కులలో వారానికీ నెలకూ విడి రేట్లు ఉంటాయి, రోజువారీ అద్దెకన్నా అవే చవక. లేక్ మీడ్ ఒడ్డున బౌల్డర్ బీచ్‌లోనూ, ఎర్ర ఇసుకరాతి కొండల నడుమ ఉన్న వ్యాలీ ఆఫ్ ఫైర్‌లోనూ ప్రభుత్వ క్యాంపులు ఉన్నాయి. ఇవి కాక, బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్ అనే అమెరికా కేంద్ర ప్రభుత్వ శాఖ కింద ఉన్న ఖాళీ భూములలో 28 రోజుల వ్యవధిలో సాధారణంగా 14 రోజుల వరకు ఉండనిస్తారు, అయితే అక్కడ కొళాయి గాని దీపం గాని ఉండదు. అరవై దాటినవారు మొదటి వారం ఆర్వీ పార్కులోనే గడిపి, బండి అలవాటయ్యాక రెండు రాత్రులు బయలు భూమిలో ఉండి చూడడం మంచిదని నా అభిప్రాయం. ఎక్కడ దిగినా ఎండిపోయిన వాగు గర్భంలో మాత్రం బండి నిలపరాదు. జులై నుంచి సెప్టెంబరు వరకు ఎక్కడో కొండల మీద కురిసిన వాన, మన నెత్తిన చినుకు పడకుండానే వాగై వచ్చి పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరును చూసిన బెజవాడవారికి ఇంతకన్నా వివరించనవసరం లేదు.

కరెంటు లెక్క వంట చేసేవారికి ముందే తెలియాలి. చిన్న బండ్లకు 30 ఆంపియర్ల కనెక్షను ఉంటుంది, అక్కడి వోల్టేజి 120 కనుక మొత్తం 3600 వాట్లు. ఏసీకి సుమారు 1500, ఇండక్షను పొయ్యికి 1800, రైస్ కుక్కరుకు 700 వేసుకుంటే పరిమితి దాటిపోయినట్టే. రెండో రోజు మధ్యాహ్నం మా ఆవిడ పప్పు పొయ్యి మీద, అన్నం కుక్కరులో పెట్టగానే టప్పుమని చప్పుడై బండి అంతా నిశ్శబ్దమైపోయింది. "అమ్మా, ఏసీ ఆపకుండా రెండూ పెట్టావా?" అంటూ మా అబ్బాయి బయటి కరెంటు స్తంభం దగ్గరకు వెళ్లి మీట ఎత్తి వచ్చాడు. ఆనాటి నుంచి తెల్లవారి చల్లదనంలోనే వంట ముగించేవాళ్లం. ఇక్కడి మిక్సీ అక్కడి వోల్టేజికి పనిచేయదు కనుక కందిపొడి, గోంగూర పచ్చడి ఇంటి నుంచే సిద్ధం చేసుకుని వెళ్లడం మేలు.

ఇక మురుగు. మరుగుదొడ్డి నీటికి ఒక ట్యాంకు, స్నానం, గిన్నెల నీటికి మరొకటి విడివిడిగా ఉంటాయి. ఎలాగూ మురుగు గొట్టం తగిలించే ఉంది కదా అని మరుగుదొడ్డి ట్యాంకు వాల్వును తెరిచి వదిలేస్తే నీరు మాత్రం జారిపోయి మలం అడుగున గట్టిపడుతుంది. దానిని మూసే ఉంచి, మూడింట రెండు వంతులు నిండాక చేతులకు తొడుగులు వేసుకుని ముందు ఆ ట్యాంకును, తరువాత స్నానపు నీటి ట్యాంకును వదలాలి. ఆ రెండవ నీరే గొట్టాన్ని కడుగుతుంది. గొట్టం మొదట్లో పారదర్శకమైన వంపు ముక్క ఒకటి బిగిస్తే లోపలి నీరు తేటపడడం కంటికి కనిపిస్తుంది, అంతవరకు ఆగాలి. ఖాళీ అయ్యాక ట్యాంకులోకి ఒకటి రెండు బకెట్ల నీళ్లు పోయాలి. మన చెంబు అలవాటు ఇక్కడ మేలే చేస్తుంది, కాకపోతే ట్యాంకు త్వరగా నిండుతుంది. వేపుడు నూనె, పులుసు అడుగులు సింకులో పోయకుండా కాగితంతో తుడిచి చెత్తలో వేయాలి. మేము మూడు రోజులు ఆ జాగ్రత్త పాటించక, వాసనకు కిటికీలు తెరిచి పడుకోవలసి వచ్చింది.

తాగునీటి గొట్టాన్ని వేరే పనికి వాడకూడదు. కొళాయి దగ్గర నీటి ఒత్తిడి తగ్గించే రెగ్యులేటరు తప్పక బిగించాలి, లేకపోతే బండి లోపలి సన్నని పైపులు చీలే ప్రమాదం ఉంది. సాయంత్రాలు గాలి ఉన్నట్టుండి లేస్తుంది కనుక, బయటికి వెళ్లేటప్పుడు నీడ కోసం బండి పక్కన చాచే గుడ్డ పందిరిని చుట్టేయాలి.

ఊళ్లోకి ఈ బండితో వెళ్లరాదు, అంతస్తుల పార్కింగులలో దీని ఎత్తు పట్టదు. కారులోనో బస్సులోనో వెళ్లాలి. జూదశాలలో ఆడడానికి 21 ఏళ్లు నిండాలి. పక్కనే ఉన్న బౌల్డర్ సిటీలో మాత్రం జూదానికి అనుమతి లేదు. హూవర్ డ్యాం కట్టే కూలీల కోసం వెలసిన ఆ ఊరు మాకు వేగాస్ కన్నా నచ్చింది. 221 మీటర్ల ఆ డ్యాం ముందు నిలబడినప్పుడు 124 మీటర్ల మన నాగార్జునసాగర్ గుర్తుకు రాక మానదు. డ్యాం అవతల ఆరిజోనాలో చలికాలమంతా గడియారం గంట ముందుంటుంది, డ్యాం టిక్కెట్ల వేళలు ఇవతలి నెవాడా లెక్కన చూసుకోవాలి.

బండి తిరిగి అప్పగించే ముందు రెండు ట్యాంకులూ ఖాళీ చేసి, ఇంధనం నింపాలి. బండిలోని జనరేటరు ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరుకు, మైళ్ల మీటరుకు తీసుకున్న రోజునా ఇచ్చిన రోజునా ఫోటోలు తీసిపెట్టుకోవాలి. వెనక బంపరు మీద మేము రాకముందే ఉన్న గీతకు అద్దె సంస్థవారు మా వద్ద డబ్బు అడిగినప్పుడు, మొదటి రోజు మా అబ్బాయి తీసిన ఫోటో ఒక్కటే మమ్మల్ని కాపాడింది.