సంపు నీళ్లు వాసనొస్తున్నాయా? ముందు ఛాంబర్ మూత తీయండి

నీళ్లు చూడ్డానికి తేటగానే ఉంటాయి, బకెట్‌లో పట్టాక మురుగు వాసన. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి విరేచనాలు. చాలామంది వెంటనే ఆర్‌ఓ కొనేస్తారు. పళ్లు తోమేదీ కూరగాయలు కడిగేదీ మళ్లీ ఆ నీళ్లతోనే!

నల్లా వచ్చే పూట సంపులో పడే ధార నుంచి ఒక సీసా, కాసేపటికి సంపులోంచి ఇంకో సీసా పట్టి, క్లోరిన్ పరీక్ష చుక్కలు వేయండి. ధార నీళ్లకే పసుపు రంగు రాకపోతే తప్పు బయటి లైనుది. హైదరాబాద్‌లోనైతే జలమండలి నంబరు 155313కి ఫోన్ చేయండి, నీళ్లు మరగబెట్టి తాగండి. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో తాగునీళ్లలో మురుగు కలిసి ప్రాణాలే పోయాయి.

ధారకి రంగొచ్చి, సంపు నీళ్లకి రాలేదా? సంపు పక్కనే డ్రైనేజీ ఛాంబర్ ఉందేమో చూడండి. మన కాలనీల్లో జాగా లేక రెండూ గేటు దగ్గరే కట్టేస్తారు. ఇందులో మెలిక ఏంటంటే, సంపు నిండుగా ఉంటే లోపలి నీళ్ల ఒత్తిడికి మురుగు రాలేదు. మట్టం తగ్గాక, అటు ఛాంబర్ జామై నిండితే, గోడ సందుల్లోంచి ఊరుతుంది. అందుకే వాసన నల్లా రోజుకి ముందు రాత్రి వస్తుంది, కొత్త నీళ్లు పడగానే పోతుంది. "తగ్గిపోయిందిలే" అనుకుంటారు. సంపు ఖాళీ చేసి, గోడలు పొడిగుడ్డతో తుడిచి, ఇంట్లో బాత్రూములు మామూలుగా వాడండి. మురుగు ఊరుతుంటే, తెల్లారి టార్చి వేస్తే ఛాంబర్ వైపు గోడ మీద నల్లటి చెమ్మ కనిపిస్తుంది.

మేస్త్రీ సంపు లోపల ప్లాస్టరింగ్ చేసి సరిపెడతానంటే ఒప్పుకోకండి, బయటి ఒత్తిడికి అది పొరలుగా ఊడొస్తుంది. ముందు జామ్ తీయించి, ఛాంబర్ లోపల వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు పూయించండి. పగిలిన గూనపైపు (కాల్చిన మట్టి పైపు) తీసేసి పీవీసీ వేయించండి. సంపు పని ఆ తర్వాతే. చివర్లో సంపు నింపి, వెయ్యి లీటర్లకి 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ బకెట్ నీళ్లలో కలిపి, పైన తేరిన నీళ్లు పోయండి. 12 గంటలాగి మొత్తం వదిలేయండి. ఆ నీళ్లు తాగొద్దు.

పై ట్యాంకులో బల్లి పడటం, తుప్పు పైపులు కూడా కారణాలు కావచ్చు; ట్యాంకులో ఏదైనా పడితే మూత తీస్తే తెలిసిపోతుంది. నల్లా లైనుకే మోటార్ బిగించిన ఇల్లయితే మాత్రం దాన్ని ఇవాళే తీసేయండి, లైను పగుళ్లలోంచి మురుగును లాగేది అదే.