వాదనలో తర్కం ఎక్కడ తప్పిందో పట్టుకోవడం ఎలా?

"పక్కింటాయనకు పచ్చకామెర్లు వస్తే పసరు తాగాడు. మూడు వారాల్లో తగ్గిపోయాయి. నువ్వూ తాగు, ఆస్పత్రి ఎందుకు?" మన ఇళ్ళలో పెదనాన్నలాంటి పెద్దవాళ్ళ నోట తరచూ వినిపించే మాట ఇది. దీన్నే పరీక్షించి చూద్దాం.

ముందు వాదనను రెండు ముక్కలు చేసి, మధ్యలో 'కాబట్టి' పెట్టండి. పసరు తాగాక తగ్గాయి, కాబట్టి పసరు వల్లే తగ్గాయి. ఇలా విడదీస్తే అతుకు ఎక్కడ ఊడిందో కనబడుతుంది.

తర్వాత, "తాగకపోతే ఏమయ్యేది?" అని అడగండి. కాకి వాలగానే తాటిపండు రాలితే, కాకే రాల్చిందనుకుంటాం. కాకతాళీయం అనే మాట అక్కడిదే. హెపటైటిస్ ఎ వల్ల వచ్చిన కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. ఆ రోజుల్లో ఏం తాగినా పేరు దానికే వస్తుంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు వేరు, అక్కడ ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఈ ప్రశ్నను మాత్రం మొహమాటానికి వదిలేయవద్దని నా మాట. పసరు తాగినా తగ్గనివాళ్ళ గురించి కూడా అడగండి. వాళ్ళ సంగతి ఎవరూ చెప్పుకోరు, మన చెవిన పడదు.

ఇంతలో "నువ్వేమైనా డాక్టరువా?" అంటారు. మాట మీ ప్రశ్నను వదిలి మీ మీదికి వచ్చింది. "కాదు పెదనాన్నా, కానీ తాగకపోయినా తగ్గేవేమో కదా?" అని మళ్ళీ అక్కడికే తీసుకురండి.

"అంటే పెద్దవాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళా?" అన్నారనుకోండి, మీరు అనని మాట మీకు అంటగడుతున్నారు. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఛలం అని చెప్పింది దీనికి దగ్గరిదే: ఎదుటివాడు ఉద్దేశించని అర్థం తీసి, దాన్ని ఖండించడం. 'నవకంబళం' దానికి పాత ఉదాహరణ. సంస్కృతంలో 'నవ' అంటే కొత్త అనీ, తొమ్మిది అనీ అర్థాలు. కొత్త కంబళి ఉందని ఒకరంటే, తొమ్మిది ఎక్కడున్నాయని ఇంకొకరు నిలదీస్తారు. ఇలాంటప్పుడు "నేనన్నది ఇంతవరకే" అని మీ మాటను మళ్ళీ చెప్పండి.

ఒక జాగ్రత్త మీకూ అవసరం. వాదన తప్పినంత మాత్రాన విషయం అబద్ధమని తేలదు. పక్కింటాయన కథ వల్ల పసరు పనిచేస్తుందని రుజువు కాలేదు, అంతవరకే అనండి. "ముందు రక్తపరీక్ష చేయిద్దాం, కామెర్లు ఎందుకొచ్చాయో తెలిశాక మందు సంగతి మాట్లాడదాం" అని పెదనాన్నను కూడా వెంట తీసుకెళ్ళండి.