మునిగిపోతున్న మనిషిని కాపాడాలంటే: దూకే ముందు సైనికుడు చూసుకునేవి

సైనికుడు నదిలోకి దూకి ఎవరినో బయటికి లాగాడని తెలిస్తే మనకు ఆ దూకడం ఒక్కటే గుర్తుండిపోతుంది. యుద్ధం లేనప్పుడు చూపే ఇలాంటి తెగువ కోసమే అమెరికా 1926లో సోల్జర్స్ మెడల్ పెట్టింది, మన దేశంలో 1952 నుంచి అశోక చక్ర వరుస పతకాలున్నాయి. కానీ శిక్షణలో నేర్పేది వేరు, దూకడం అందులో అన్నిటికన్నా చివరిది.

ముందు గుర్తుపట్టాలి. మునిగేవాళ్ళు సినిమాలో లాగా కేకలు వెయ్యరు, ఊపిరికే దిక్కులేనప్పుడు అరుపెక్కడిది! మనిషి నిలువుగా ఉంటాడు, తల వెనక్కి వాలి నోరు నీటిమట్టం దగ్గర తేలుతూ మునుగుతూ ఉంటుంది, చేతులు పక్కలకు చాపి నీటిని కిందికి నొక్కుతుంటాడు. న్యూయార్క్ లైఫ్‌గార్డ్ ఫ్రాంక్ పియా గమనించిన ప్రకారం ఇలా పైన ఉండేది 20 నుంచి 60 సెకన్లే.

అందుకని మీరు ఒడ్డున బోర్లా పడుకుని కర్రో, తువ్వాలో, బెల్టో అందించండి. నిలబడి అందిస్తే అతని లాగుడుకి మీరూ లోపలికే. అందకపోతే తాడు, ట్యూబు, మూత బిగించిన ఖాళీ క్యాన్ విసరండి. ఏవీ లేకపోతే సైనికులకు నేర్పే ఒక చిట్కా ఉంది: ప్యాంటు తడిపి, రెండు కాళ్ళ చివర్లూ కలిపి గట్టిగా ముడేసి, జిప్ పెట్టి, నడుము వైపు తెరిచి పట్టుకుని తలమీంచి ఒక్క ఊపున నీళ్ళలోకి కొట్టాలి. లోపల గాలి చిక్కుకుని రెండు కాళ్ళూ బుడగల్లా ఉబ్బుతాయి, నడుము దగ్గర బిగించి పట్టుకుంటే కాసేపు తేలుస్తుంది. కాకపోతే ఒడ్డునే ఒకట్రెండుసార్లు ప్రాక్టీస్ చేసి ఉండకపోతే ఆ టెన్షన్‌లో కుదరదు.

ఇక దిగక తప్పదంటే, ఈత బాగా వచ్చినవాళ్ళే దిగాలి. బూట్లు విప్పాల్సిందే, నీళ్ళు తాగిన బూటు కాలిని కిందికి గుంజుతుంది. నడుముకి తాడు కట్టుకునేటట్టయితే ఒక్క లాగుడుతో ఊడే ముడి వెయ్యండి, ప్రవాహంలో తాడు దేనికైనా చిక్కుకుంటే అదే మిమ్మల్ని ముంచుతుంది. తేలే వస్తువేదైనా వెంట తీసుకెళ్ళి, దాన్ని మీకూ అతనికీ మధ్య పెట్టండి. పట్టుకోవాల్సి వస్తే వెనక నుంచే. అయినా మెడ పట్టేసుకుంటే పెనుగులాడకండి, గుక్క పట్టి నీళ్ళలోకి మునగండి, పైకి రావాలనే ఆత్రంలో అతనే వదిలేస్తాడు. తిరిగొచ్చేటప్పుడు ప్రవాహానికి ఎదురీదకుండా ఏటవాలుగా ఒడ్డుకు రండి.

ఒడ్డుకు చేరాక చాలామంది చేసే తప్పు, కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం. దయచేసి వద్దు, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకరు అంబులెన్స్‌కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు ఊపిరి చూడండి. ఊపిరి ఆడకపోతే ముక్కు మూసి నోటితో 5 సార్లు ఊదండి, ఆ తర్వాత ఛాతీ మధ్యలో 5 సెంటీమీటర్ల లోతుకి 30 నొక్కులు, 2 ఊదులు, నిమిషానికి 100 నుంచి 120 నొక్కుల వేగంతో, సహాయం వచ్చేదాకా. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా బయటపడొచ్చు.