ఇంట్లోనే చదివించేవాళ్లు ఆన్‌లైన్‌లో ఉచిత పాఠాలు వెతుక్కోవడం ఎలా?

పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటామనే తల్లిదండ్రులు టెక్కలి, పలాస, శ్రీకాకుళం వైపు అక్కడక్కడా కనిపిస్తున్నారు. వాళ్లలో చాలామంది ముందుగా అడిగేది "ఏ యాప్ మంచిదండీ?" అని. అక్కడ మొదలుపెడితే ఫోను నిండా యాప్‌లు చేరతాయి కానీ పిల్లకి పాఠం రాదు. మొదలుపెట్టాల్సింది పాఠ్యపుస్తకం దగ్గర. పిల్ల ఏ పాఠంలో, ఏ పేజీలో ఆగిపోయిందో మీకు తెలిస్తే, దానికి సరిపడేది నెట్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది.

1. ముందు పరీక్ష సంగతి తేల్చుకోండి

2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల చదువు గురించి చెబుతుంది. ఇంటి చదువుకంటూ అందులో ప్రత్యేకమైన ఏర్పాటు లేదు. అందుకే ఇంట్లో చదివే పిల్లలు పదో తరగతి దగ్గరికి వచ్చేసరికి ఎక్కువగా ఓపెన్ స్కూల్ దారి పడతారు. ఒకటి కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐఓఎస్, రెండోది మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం. రెండింట్లోనూ పదో తరగతికి 14 ఏళ్లు నిండి ఉండాలి. ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి తెలుగు మీడియంలో రాయొచ్చు. ఏడాదికి రెండు విడతలు పరీక్షలుంటాయి, ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది సార్లు రాసుకునే వీలుంటుంది. ఫీజు కట్టాలి, నిజమే. కానీ పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉచితంగా ఉంటాయి.

మళ్లీ బడిలో చేర్చే ఆలోచన ఉంటే మాత్రం రాష్ట్ర సిలబస్ వదలకండి. ఈ ఒక్క నిర్ణయం జరగకుండా పాఠాలు వెతకడం మొదలుపెడితే పిల్ల రెండు మూడు సిలబస్‌ల మధ్య నలిగిపోతుంది.

2. పుస్తకాలు దింపుకోండి

రాష్ట్ర పాఠ్యపుస్తకాలు పాఠశాల విద్యాశాఖ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లుగా ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ వేసే పుస్తకాలు ఒకటో తరగతి నుంచి పన్నెండు దాకా వాళ్ల సైట్‌లో పాఠం పాఠంగా దిగుతాయి. మొత్తం ప్రింటు తీయించొద్దు, జిరాక్సు షాపు బిల్లు చూస్తే గుండె గుభేల్‌మంటుంది. ఆ నెల చదవబోయే పాఠాలు మాత్రం తీయించండి. లేదా పక్కింటి పిల్లలు పై తరగతికి వెళ్లాక పాత పుస్తకాలు అడిగి తీసుకోండి. మన ఊళ్లలో ఎవరూ కాదనరు. ముద్రణ సంవత్సరం ఒక్కటి చూసుకోవాలి, సిలబస్ మారి ఉండొచ్చు.

మన రాష్ట్రం పుస్తకాల్లో ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉంటుంది. వెతుక్కునేటప్పుడు ఇది ఎంత పనికొస్తుందో! తెలుగులో కొట్టినప్పుడు మంచి వీడియో తగలకపోతే, ఎదుటి పేజీలో ఉన్న పాఠం పేరు చూసి అదే కొట్టండి.

3. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ వాడండి

పాఠం మొదట్లో నలుపు తెలుపు చదరంలా ఉండేది చాలామంది బొమ్మ అనుకుని వదిలేస్తారు. 2017లో మొదలైన దీక్ష యాప్‌కి అది దారి. యాప్ ఉచితం. తెరిచాక భాష తెలుగు, బోర్డు ఆంధ్రప్రదేశ్, తర్వాత మీడియం, తరగతి ఎంచుకోండి. కోడ్ మీద కెమెరా పెడితే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. కెమెరా సరిగ్గా పట్టకపోయినా, పేజీ చిరిగిపోయినా కంగారు పడొద్దు. కోడ్ కింద ఆరు అక్షరాలు, అంకెలు కలిపి ఉంటాయి, వాటిని సెర్చ్‌లో కొట్టినా అదే పాఠం వస్తుంది.

అన్ని పాఠాలూ ఒకే తీరుగా ఉండవు. కొన్ని వీడియోలు బోర్డు మీద చదివి వినిపించినట్టే ఉంటాయి. అలాంటిది తగిలితే మొహమాటం లేకుండా వదిలేసి తర్వాతి అడుగుకి వెళ్లండి.

4. ఆగిన చోటుకి తగినది వెతకండి

ఒక పాఠం తీసుకుందాం. ఆరో తరగతి సైన్సులో బాష్పీభవనం ఉంది. ఉప్పునీళ్లు ఆరితే ఉప్పు మిగులుతుందని పిల్ల గడగడా అప్పజెప్పేస్తుంది. "నీళ్లు మరగకుండానే ఎలా పోయాయమ్మా?" అని అడిగితే మాత్రం నోరు విప్పదు. ఇంకో వీడియో పెట్టినా లాభం ఉండదు. నీటి అణువులు కదలడం పిల్ల కంటికి కనబడాలి.

దానికి ఫెట్ అనే వెబ్‌సైట్ ఉంది. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్లు 2002లో మొదలుపెట్టారు, భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ ఆలోచన అది. ఖాతా అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. అందులో పదార్థ స్థితుల మీద ఒక బొమ్మ ప్రయోగం ఉంది. డబ్బాలో నీటి అణువులు చుక్కల్లా కదులుతుంటాయి. కింద పొయ్యిలాంటి మీట పైకి జరిపితే వేడి పెరిగి చుక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ విడిపోతాయి. కిందికి జరిపితే చల్లబడి దగ్గరికి చేరి ఒద్దికగా నిలబడతాయి. మీట పిల్ల చేతికే ఇవ్వండి. మీరు ఏమీ చెప్పకండి. కాసేపటికి ప్రశ్నలు తనే వేస్తుంది.

ఆ వారంలోనే నౌపడ వెళ్లండి. టెక్కలికి దగ్గరే. అక్కడి ఉప్పు మడుల్లో సముద్రపు నీళ్లు ఎండకి ఆరుతూ ఉంటాయి. పొయ్యి లేదు, మంట లేదు. అంచుల్లో తెల్లగా పేరుకుంటున్న ఉప్పుని పిల్ల వేలితో తాకి చూస్తే ఆ పాఠం మరచిపోదు. పిల్ల ఊళ్లో రోజూ చూసేదాన్ని పుస్తకంలోని పాఠంతో కలపడం మన చేతిలో పని. ఏ యాప్ కూడా ఆ పని చేసిపెట్టదు.

ఇదే తీరులో తేలినీలాపురం. చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడ చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల మెర్లిన్ అనే ఉచిత యాప్‌లో పక్షి ఫోటో పెడితే పేరు చెబుతుంది. జీవుల ఆవాసాల పాఠం అక్కడే చెప్పేయొచ్చు.

తొమ్మిది, పది తరగతులకి ల్యాబు లేదని బెంగపడేవాళ్లు అమృత యూనివర్సిటీ, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ కలిసి చేసిన ఆన్‌లైన్ ల్యాబు ఓల్యాబ్స్ చూడండి. లెక్కలకి ఖాన్ అకాడమీ అనే ఉచిత పాఠాల సైట్. చేత్తో చేసే బొమ్మలకి అరవింద్ గుప్తా సైట్: అగ్గిపుల్లలు, పాత సైకిల్ ట్యూబు ముక్కలు, సీసా మూతలతో సైన్సు నేర్పే పద్ధతులు బోలెడు ఉన్నాయి. నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైనది ఇదే, ఎందుకంటే పిల్ల కాసేపు ఫోను చూసి పూటంతా చేతులతో పని చేస్తుంది.

5. చదవడానికి కథలు

చిన్నపిల్లలకి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ చాలు. 2015 నుంచి నడుస్తోంది. భాష దగ్గర తెలుగు ఎంచుకుంటే కథలు స్థాయిలవారీగా వస్తాయి. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే. ప్రింటు తీసుకోవడానికి అనుమతి వాళ్లే ఇచ్చారు, కాబట్టి నచ్చిన కథ తీయించి కుట్టి పిల్ల చేతికివ్వండి. "ఏటమ్మా, పొద్దస్తమానం ఆ ఫోనేటి?" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. వాళ్లు అనేది సబబే. కాగితం మీదకి తేగలిగినదల్లా తెచ్చేయండి. శతక పద్యాలకి తెలుగు వికీసోర్స్ అనే ఉచిత పుస్తకాల సైట్ ఉంది.

6. యూట్యూబ్ జాగ్రత్త

ప్రభుత్వ బడుల టీచర్లు చాలామంది సొంతంగా చక్కటి పాఠాలు పెడుతున్నారు. తరగతి, సబ్జెక్టు, పాఠం పేరు మూడూ కలిపి తెలుగులో కొట్టండి. పిల్లకి చూపించే ముందు మీరు ఐదు నిమిషాలు చూడండి. లెక్క చేసి చూపిస్తున్నారా, జవాబు చదివేస్తున్నారా? అంతే చూడాల్సింది. ఆటోప్లే ఆపేయండి.

"ఉచిత డెమో" అని ఫోన్ నంబరు అడిగేవాటికి దూరంగా ఉండండి. నంబరు ఇచ్చిన మర్నాటి నుంచి కోర్సు కొనమని ఫోన్లు మొదలవుతాయి. ఉచితం అంటూనే కార్డు వివరాలు అడిగితే అది ఉచితం కాదు.

7. సిగ్నలు లేని రోజుకి సిద్ధంగా ఉండండి

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను రాకపోయినా ఏజెన్సీ పల్లెల్లో సిగ్నలు సంగతి అందరికీ తెలిసిందే. దీక్ష పాఠాలు, పీడీఎఫ్‌లు, ఫెట్ ప్రయోగాలు అన్నీ ముందే దింపి పెట్టుకోవచ్చు. ఆదివారం రాత్రి కూర్చుని వారానికి సరిపడా దింపేయండి. డేటా కూడా కలిసొస్తుంది.

ఫోను ఒక్కటే ఉండి, దాన్ని నాన్న పనికి పట్టుకెళ్లే ఇళ్లలో టీవీ ఆదుకుంటుంది. డీడీ ఫ్రీ డిష్‌లో పీఎం ఈ-విద్య చదువు చానళ్లు వస్తాయి. గొడుగు, బాక్సు ఒకసారి కొనుక్కుంటే నెలనెలా కట్టేదేమీ ఉండదు.

8. రాసుకోండి, పరీక్ష పెట్టండి

ఒక లాంగ్‌నోటు పెట్టి తేదీ, పాఠం, ఏం చూశాం, పిల్లకి ఏం అర్థం కాలేదు అన్నవి రాయండి. రెండు వారాలు వాడినా ఆ నోటులోకి ఎక్కని యాప్ ఉంటే ఫోన్‌లోంచి తీసేయండి. పాఠాలు సగం అయ్యాక ఎన్‌ఐఓఎస్ సైట్‌లో పాత ప్రశ్నపత్రాలు దింపి, గడియారం ముందు పెట్టి రాయించండి. పరీక్ష ఫీజు కట్టే ఆఖరి తేదీలు కూడా ఆ సైట్‌లోనే పెడతారు. గడువు దాటితే ఆలస్య రుసుము పడుతుంది కాబట్టి తేదీ రాగానే అదే నోటు మొదటి పేజీలో రాసిపెట్టుకోండి.