క్లాసులో, ఫోన్‌లో మర్యాదగా చెప్పే తీరు

"పుస్తకాలు తియ్యుండ్రి" అని టీచరు పిల్లలతో అన్న మాటలోనే మర్యాద ఉంది. తెలుగులో గౌరవం క్రియ చివర ఉంటుంది. నల్లగొండ, పాలమూరు ఇళ్లలో ‘దయచేసి’ అనడం తక్కువే. క్లాసులో ఆ మాట అంటే బస్టాండు మైకులా వినిపిస్తది.

అందరికీ కలిపి చెప్పేటప్పుడు ఒకటో తరగతైనా "రాయుండ్రి", "రాయండి" అనాలె. ఒక్కరితోనైతే "రాయి బిడ్డా" చాలు. తప్పు చేసినప్పుడు "ఏందిరా అది" అంటే అప్పటిదాకా ఇచ్చిన మర్యాదంతా పోతది. అప్పుడే పేరు పెట్టి పిలవాలె.

"రాద్దాం", "చేద్దాం" మెత్తటి మాటలే కానీ, మీరు కూడా చాక్‌పీస్ పట్టుకునేటప్పుడే వాడండి. "లెక్క చేద్దాం" అని కుర్చీలో కూర్చుంటే, సారే మొదలుపెడతడని పిల్లలు బోర్డు దిక్కు చూస్తుంటరు. వాళ్లే చేసే పనికి "చెయ్యండి" అనండి. గట్టిగా ఉందనిపిస్తే ముందు "ఒకసారి" చేర్చండి: "ఒకసారి ఇటు చూడండి."

"పుస్తకం తీసి 42వ పేజీలో మూడో లెక్క చేసి చూపించండి" అంటే మూడు పనులు ఒక్క ఊపిరిలో చెప్పినట్టు. సగం మంది "ఏ పేజీ సార్?" అంటరు, మీకు కోపం వస్తది, గొంతు పెరుగుతది. "పుస్తకం తియ్యండి." అందరూ తీసేదాకా ఆగండి. "42వ పేజీ." అంకె బోర్డు మీద వేయండి. తర్వాతే లెక్క. దేవరకొండ, అచ్చంపేట తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతరు. వాళ్లకు పొట్టి వాక్యమే పెద్ద మర్యాద.

"ఇంకా రాయలేదా?" అంటే తల వంచుకుంటరు. "ఎక్కడ ఆగింది?" అంటే వేలు పెట్టి చూపిస్తరు.

ఆన్‌లైన్‌లో పేరు ముందు, పని తర్వాత: "స్వాతీ, నీ మైక్ బంద్ చెయ్యమ్మా." "ఎవరిదో సౌండ్ వస్తుంది" అంటే ఎవరూ కదలరు. ప్రశ్న అడిగినంక మనసులో పది లెక్కపెట్టండి. మైక్ ఆన్ చేసి, సిగ్నల్ అందుకుని జవాబు రావడానికి అంత సేపు పడతది. కెమెరా కోసం పట్టుబట్టకండి, ఇంట్లో ఒక్కటే గది ఉండొచ్చు. "వీలైతే కెమెరా పెట్టండి, లేకుంటే చాట్‌లో పేరు రాయండి."

వాట్సాప్ గ్రూపులో చదివేది తల్లిదండ్రులు. "హోంవర్క్ పంపగలరు" అన్నది ఆఫీసు మాట. ఫోన్ పొద్దంతా నాయినతోని పనికి పోయి మాపటికి వస్తది, గడువు అట్లనే పెట్టండి: "నమస్తే. మూడో లెక్క ఫొటో రేపు రాత్రి 9 లోపు పంపండి. ఫోన్ అందకపోతే నోట్‌బుక్ బడికి పంపినా సరే."